సావాసాల గణితం: మారే స్నేహాలకు గణాంక నమూనాలు పుట్టిన తీరు

మనుషులు తమ స్నేహితులను పోలి ఉంటారు. సిగరెట్ తాగే కుర్రాడి జట్టులో సిగరెట్ తాగేవాళ్లే ఎక్కువ. చదువు మీద ధ్యాస ఉన్న పిల్ల చుట్టూ అలాంటి పిల్లలే కనిపిస్తారు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. ఎందుకలా అన్న దగ్గరే చిక్కు. తెలుగు సామెతలు కూడా ఇక్కడ రెండుగా చీలిపోయాయి. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని ఒక సామెత. ఏ గూటి పక్షి ఆ గూటికే చేరుతుందని మరొకటి. మొదటి సామెత ప్రకారం సావాసం మనిషిని మారుస్తుంది. రెండోదాని ప్రకారం ముందే ఒకే తీరున్నవాళ్లు సావాసం కడతారు. సామాజిక శాస్త్రవేత్తలు మొదటిదాన్ని ప్రభావం అనీ, రెండోదాన్ని ఎంపిక అనీ అంటారు. ఈ రెండింటిలో దేని పాలు ఎంతో విడదీసి చెప్పగల గణాంక నమూనా చేతికి రావడానికి డెబ్భై ఏళ్లకు పైగానే పట్టింది. వచ్చాక కూడా అది చెప్పే జవాబు షరతులతో కూడినదే.

1932 శరత్కాలంలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్లో, ఆడపిల్లల శిక్షణ పాఠశాల నుంచి రెండు వారాల్లో 14 మంది పారిపోయారు. మామూలు రోజులతో పోలిస్తే అది 30 రెట్లు ఎక్కువ. అక్కడ పరిశోధన చేస్తున్న మానసిక వైద్యుడు జేకబ్ మొరేనో ఇందుకు కారణాన్ని ఆ పిల్లల స్వభావాల్లో వెతకలేదు. ఎవరు ఎవరితో కలిసి ఉండాలని కోరుకుంటున్నారో అడిగి, ఒక్కో పిల్లను ఒక్కో చుక్కగా, ఒక్కో కోరికను ఒక్కో గీతగా కాగితం మీద వేశాడు. పారిపోయినవాళ్లు ఆ పటంలో ఎక్కడున్నారో చూస్తే, పారిపోవాలన్న ఆలోచన ఆ గీతల వెంటే పాకిందని అతనికి తోచింది. బుకారెస్ట్‌లో పుట్టి, వియన్నాలో చదువుకుని, 1925లో అమెరికా చేరిన మొరేనోకు ప్రచారం మీద మక్కువ ఎక్కువ. సోషియోగ్రామ్ అని పేరు పెట్టుకున్న ఆ పటాల గురించి 1933 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది; 1934లో పుస్తకం వచ్చింది. పరిశోధనలో చాలా భాగం నడిపింది మాత్రం అతని సహ పరిశోధకురాలు హెలెన్ హాల్ జెన్నింగ్స్ అని ఈ రంగం చరిత్ర రాసిన లింటన్ ఫ్రీమన్ అభిప్రాయం.

1938లో మొరేనో, జెన్నింగ్స్ కలిసి రాసిన వ్యాసం పటాల కన్నా ముఖ్యమైనది, పేరు మాత్రం తక్కువ తెచ్చుకుంది. పిల్లలు కళ్లు మూసుకుని చీట్లు తీసినట్టు స్నేహితులను ఎంచుకుంటే ఎన్ని జంటలు పరస్పరం ఎంచుకుంటాయి, ఎంతమందిని ఎవరూ ఎంచుకోరు అని వాళ్లు లెక్కకట్టారు. తర్వాత ఆ లెక్కను నిజంగా దొరికిన ఎంపికల పక్కన పెట్టారు. పరస్పర ఎంపికలు యాదృచ్ఛికంగా వచ్చేవాటి కన్నా ఎంతో ఎక్కువ తేలాయి. ఎవరికీ పట్టనివాళ్లూ ఎక్కువే తేలారు. ఊరికే జరిగితే ఎలా ఉండేది, నిజంగా ఎలా ఉంది అని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడమే తర్వాత వచ్చిన నమూనాలన్నింటికీ మూలం. కాకపోతే హడ్సన్ పటం ఒక్క రోజు తీసిన ఫొటో. పారిపోయిన ఇద్దరు ముందు స్నేహితులై తర్వాత పారిపోవాలనుకున్నారా, అక్కడ ఉండలేని మనసే ఇద్దరినీ ముందు కలిపిందా అన్నది అందులో కనపడదు.

కాలాన్ని లెక్కలోకి తెచ్చినవాళ్లలో థియొడోర్ న్యూకమ్ ముందువరసలో ఉంటాడు. 1930లలో వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కళాశాలలో పాఠం చెబుతూ, సంప్రదాయ సంపన్న కుటుంబాల నుంచి వచ్చిన అమ్మాయిలు ఏళ్లు గడిచేకొద్దీ రాజకీయంగా ఉదారవాదం వైపు మళ్లడం గమనించాడు. 1936 అధ్యక్ష ఎన్నికల నాటికి మొదటి సంవత్సరం విద్యార్థినుల్లో ఎక్కువమంది రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ పక్షాన ఉంటే, పై తరగతుల్లో ఆ పక్షం బాగా పలచబడింది. ఇది సావాస ప్రభావానికి గట్టి సాక్ష్యం. కానీ ఎవరి నుంచి ఎవరికి అన్నది తెలియాలంటే స్నేహాలను కూడా మళ్లీ మళ్లీ కొలవాలి. 1950లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యూకమ్ ఆ పనికి దిగాడు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియని 17 మంది కుర్రాళ్లకు ఒక ఇంట్లో ఉచితంగా గది ఇచ్చి, అద్దెకు బదులు ప్రతి వారం మిగతా 16 మందినీ ఇష్టం కొద్దీ వరుస పెట్టి రాయమన్నాడు. మరుసటి ఏడు ఇంకో 17 మందితో అదే పని. రెండో బృందానికి చెందిన 15 వారాల పట్టికలు ఇప్పటికీ అందుబాటులో ఉన్నాయి. తొమ్మిదో వారానిది మాత్రం లేదు. ఉచిత గదుల మీద నడిచిన ఈ ప్రయోగాన్ని సరిగ్గా విశ్లేషించగల గణితం మాత్రం న్యూకమ్ చేతిలో అప్పటికి లేదు. అతను తన ఫలితాలను 1961లో పుస్తకంగా వేశాడు. పట్టికలు మరో మూడున్నర దశాబ్దాలు ఎదురుచూశాయి.

పోలికలున్నవాళ్లు దగ్గరవడానికి ఒక శాస్త్రీయ నామం 1954లో వచ్చింది. పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ రెండు నివాస ప్రాంతాల్లో స్నేహాలను పరిశీలించి హోమోఫిలీ అనే మాటను పుట్టించారు. వాళ్లు స్నేహాన్ని నిలిచి ఉన్న స్థితిగా కాక సాగుతున్న వ్యవహారంగా చూడాలన్నారు. ఆ దృష్టితో పెద్ద ఎత్తున సమాచారం సేకరించినవాడు జేమ్స్ కోల్మన్. 1957-58 విద్యాసంవత్సరంలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పది ఉన్నత పాఠశాలల్లో అతను చేసిన అధ్యయనం, చదువు కన్నా ఆటలకూ అందానికీ పెద్దపీట వేసే కౌమార లోకాన్ని బయటపెట్టి అమెరికాలో పెద్ద చర్చ రేపింది.

కోల్మన్ పాల్గొన్న ఇంకో అధ్యయనం ఈ చరిత్రలో హెచ్చరికగా మిగిలింది. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన టెట్రాసైక్లిన్ అనే మందును ఇల్లినాయ్‌లోని నాలుగు పట్టణాల్లో 125 మంది వైద్యులు ఎప్పుడెప్పుడు రాయడం మొదలుపెట్టారో, ఎలిహు కాట్జ్, హెర్బర్ట్ మెంజెల్‌తో కలిసి అతను మందుల షాపుల చీటీలు చూసి తేదీలు పట్టాడు. తోటి వైద్యులతో కలుపుగోలుగా ఉన్నవాళ్లు ముందే రాశారు, ఒంటరివాళ్లు ఆలస్యంగా రాశారు. కొత్త విషయం స్నేహాల వెంట ప్రవహిస్తుందనడానికి ఇది దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో మొదటి ఉదాహరణ. 2001లో వాన్ డెన్ బుల్ట్, లిలియన్ అదే సమాచారానికి అప్పట్లో కంపెనీలు వైద్య పత్రికల్లో ఇచ్చిన ప్రకటనల లెక్క జోడించి మళ్లీ విశ్లేషిస్తే, అంటుకోవడమనే ఆ ప్రభావం మాయమైంది. ఇద్దరు పొరుగువాళ్లు ఒకేసారి గొడుగు తెరిస్తే ఒకరిని చూసి ఇంకొకరు తెరిచినట్టు కాదు, ఇద్దరి మీదా వాన పడినట్టు. వాన సంగతి పరిశోధకుడి పట్టికలో లేకపోతే గణితం ఎంత బాగున్నా లాభం లేదు.

ఎంపికనూ ప్రభావాన్నీ సూటిగా పక్కపక్కన పెట్టి కొలిచింది డెనీస్ కాండెల్. న్యూయార్క్ రాష్ట్ర ఉన్నత పాఠశాలల్లో 1971-72లో, విద్యాసంవత్సరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి సేకరించిన సమాచారంతో ఆమె 1978లో ప్రచురించిన వ్యాసం ఇప్పటికీ చదవదగింది. ఆమె చేసిన పని చెబితే తేలికగా ఉంటుంది. స్నేహజంటలను మూడు కుప్పలు చేసింది: ఏడాది పొడవునా నిలిచినవి, మధ్యలో విడిపోయినవి, కొత్తగా కలిసినవి. కొత్తగా కలిసిన జంటలు, కలవకముందే, గంజాయి వాడకంలో ఎంత పోలి ఉన్నాయో చూస్తే ఎంపిక పాలు తెలుస్తుంది. నిలిచిన జంటల పోలిక ఏడాదిలో ఎంత పెరిగిందో చూస్తే ప్రభావం పాలు తెలుస్తుంది. రెండూ ఇంచుమించు సమానంగా తేలాయి. అప్పటిదాకా తోటివారి పోలికనంతా ప్రభావం ఖాతాలో వేసిన పరిశోధనలు ప్రభావాన్ని దాదాపు రెట్టింపు చేసి చెప్పాయన్నమాట. అయినా ఇందులోనూ రెండు లోపాలు ఉన్నాయి. స్నేహం జంటల్లో మాత్రమే ఉండదు. స్నేహితుడి స్నేహితుడు కూడా స్నేహితుడవుతాడు, ఆ గుంపు లాగుడు జంటల లెక్కకు అందదు. రెండోది, మొదటి సర్వేకూ రెండో సర్వేకూ మధ్య నడిచిన నెలల్లో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో తెలియదు.

రెండో లోపానికి మందు గణితశాస్త్రంలో అప్పటికే సిద్ధంగా ఉంది. రష్యన్ గణితజ్ఞుడు ఆంద్రేయ్ మార్కోవ్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో రూపొందించిన గొలుసుల సిద్ధాంతం ప్రకారం, రేపటి స్థితికి నేటి స్థితి తెలిస్తే చాలు, నిన్నటిది అక్కర్లేదు. 1977లో పాల్ హాలండ్, శామ్యూల్ లైన్‌హార్ట్ ఈ ఊహను స్నేహబంధాలకు అన్వయించారు. స్నేహాలు సర్వే రోజునే మారవు, కాలం పొడవునా ఒక్కొక్కటిగా మారుతూ ఉంటాయి; పరిశోధకుడు మధ్యమధ్య తొంగి చూస్తాడంతే. ఏ క్షణంలోనూ రెండు బంధాలు ఒకేసారి మారవని వాళ్లు పెట్టుకున్న నియమం చూడడానికి చిన్నది, పనిలో పెద్దది. దాంతో ఎంత పెద్ద మార్పునైనా చిన్న చిన్న అడుగుల వరుసగా విప్పవచ్చు. అదే ఏడు హార్వర్డ్‌లో సిద్ధాంత వ్యాసం పూర్తిచేసిన స్టాన్లీ వాసర్‌మన్ ఈ దారిలో లెక్కకు లొంగే నమూనాలు కట్టాడు. లొంగాయంటే కారణం, అతను ఒక్కో జంటను మిగతా జంటలతో సంబంధం లేనట్టు చూశాడు. స్నేహితుడి స్నేహితుడి సంగతి వస్తే సమీకరణాలు చేతికి చిక్కేవి కావు.

చిక్కకపోవడానికి కారణం సంఖ్యల పరిమాణం. 50 మంది ఉన్న తరగతిలో ఒకరు ఇంకొకరిని స్నేహితుడని చెప్పడానికి 2,450 అవకాశాలు ఉన్నాయి. ఒక్కోదానికి అవును, కాదు అని రెండు జవాబులు. అంటే ఆ తరగతి స్నేహాల పటం ఎన్ని రకాలుగా ఉండవచ్చో చెప్పే సంఖ్యలో 738 అంకెలు ఉంటాయి. ఇన్ని స్థితుల మధ్య గొలుసును కాగితం మీద సాధించడం ఎవరి వల్లా కాదు. అదే కాలంలో, మారని ఒక్క పటాన్ని వివరించే నమూనాలు వేరే దారిన నడిచాయి: 1986లో ఓవె ఫ్రాంక్, డేవిడ్ స్ట్రాస్ మార్కోవ్ గ్రాఫులు, 1996లో వాసర్‌మన్, ఫిలిప్పా ప్యాటిసన్‌ల విస్తరణ. ఆ దారిలోనూ చాలాకాలం నమూనాలు పటాన్ని ఖాళీగానో, అందరికీ అందరూ స్నేహితులైనట్టుగానో ఊహించుకుని కూలబడేవి. అది వేరే కథ.

కాగితం వదిలి కంప్యూటర్ పట్టుకున్నవాళ్లు రెండు చోట్ల ఉన్నారు. కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో ఎ. రామచంద్రరావు, సూరజ్ బందోపాధ్యాయ ఊళ్లలోని సంబంధాల్లో ఇచ్చిపుచ్చుకునే తత్వాన్ని కొలిచే సూచికల మీద 1980లలోనే పనిచేశారు, 1996లో ఆర్. జానాతో కలిసి, ఒక్కొక్కరికి ఎన్ని బంధాలున్నాయో ఆ సంఖ్యలు చెదరకుండా యాదృచ్ఛికంగా పటాలను పుట్టించే మార్కోవ్ గొలుసు పద్ధతిని ప్రచురించారు. ఇదే సమస్యతో 1991లో కుస్తీ పట్టిన డచ్ గణాంకవేత్త ఒకాయన నెదర్లాండ్స్ ఉత్తర కొసన గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. టామ్ స్నైడర్స్ గణితంలో డాక్టరేట్ చేసి సామాజిక శాస్త్రవేత్తల మధ్య కూర్చున్నవాడు. ఆ విభాగంలో సమాజాన్ని వ్యక్తుల ఎంపికల నుంచి వివరించాలనే పట్టుదల ఉండేది. ఆ వాతావరణం నుంచే 1996లో అతని నమూనా పుట్టింది. పాత నమూనాల్లో బంధం దానంతటదే పుట్టి పోతుంది. స్నైడర్స్ నమూనాలో బంధాన్ని ఒక మనిషి కలుపుతాడు, తెంచుతాడు. దాన్ని పరీక్షించడానికి అతను ఎంచుకున్న సమాచారం న్యూకమ్ ఇంట్లో ఉన్న 17 మంది కుర్రాళ్లది.

నమూనా పని తీరు ఇలా ఉంటుంది. తరగతిలో ఎవరో ఒకరికి, ఎప్పుడో ఒక యాదృచ్ఛిక క్షణంలో, తన స్నేహాలను ఒకసారి చూసుకునే అవకాశం వస్తుంది. అప్పుడామె ముందు ఉన్న దారులు: ఒకరితో కొత్తగా స్నేహం కలపడం, ఉన్న ఒక స్నేహం వదులుకోవడం, ఏమీ చేయకపోవడం. 50 మంది తరగతిలో ఇవి మొత్తం 50 దారులు. ఒక్కో దారి వల్ల తన చుట్టూ ఏర్పడే పటానికి ఆమె ఎంత విలువ ఇస్తుందో కొన్ని పరామితులు చెబుతాయి. స్నేహం నిలబెట్టుకోవడానికి ఖర్చు ఉంది కాబట్టి ఒట్టి బంధానికి -2 అనుకుందాం. అవతలి మనిషి తనను ముందే స్నేహితురాలన్నట్టయితే దానికి +2. స్నేహాలేవీ లేని ఒక కొత్త అమ్మాయి ఆలోచిస్తోంది, ఆ తరగతిలో ఆమెను స్నేహితురాలన్నది ఒక్కరే. ఒక్కో దారి విలువను e ఘాతాంకంగా వేస్తే దాని బరువు వస్తుంది: ఆ ఒక్కరికి చేయి చాచే దారి బరువు 1, ఊరికే ఉండే దారి బరువు 1, మిగతా 48 మందిలో ఒక్కొక్కరి వైపు బరువు 0.135. అన్నీ కూడి భాగిస్తే, ఆ ఒక్కరిని ఎంచుకునే సంభావ్యత సుమారు 12 శాతం, మిగతావాళ్లలో ఒక్కొక్కరికి 1.6 శాతం. ఎంపికల అర్థశాస్త్రంలో డేనియల్ మెక్‌ఫాడెన్ 1970లలో స్థిరపరిచిన సూత్రమే ఇది. బస్సా, కారా అని ప్రయాణికుడు తేల్చుకునే చోట స్నేహితుడెవరని తేల్చుకోవడం వచ్చింది. స్నేహితుడి స్నేహితుడిని కలుపుకోవడం, తనలాంటివాళ్ల వైపు మొగ్గడం, పేరున్నవాళ్ల వెంట పడడం, ఒక్కోదానికి ఒక్కో పరామితి కలుపుకుంటూ పోవచ్చు.

ఆ పరామితుల విలువ ఎంతో కనుక్కోవడానికి సమీకరణం లేదు, ప్రయోగం ఉంది. ఏవో విలువలు ఊహించుకుని, మొదటి సర్వే నాటి పటం నుంచి మొదలుపెట్టి, కంప్యూటర్‌లో పైన చెప్పిన చిన్న అడుగులు వేయించాలి. చివరికి వచ్చిన కృత్రిమ పటంలో మొత్తం బంధాలెన్ని, పరస్పర బంధాలెన్ని, ముగ్గురు ముగ్గురుగా మూసుకున్న గుంపులెన్ని అని లెక్కించి, రెండో సర్వేలో నిజంగా ఉన్నవాటితో పోల్చాలి. పరస్పర బంధాలు నిజంలో కన్నా తక్కువొస్తే ఆ పరామితిని కొంచెం పెంచాలి, ఎక్కువొస్తే తగ్గించాలి. ఇలా వేలసార్లు. తప్పుతూ దిద్దుకుంటూ సరైన విలువ చేరే ఈ విధానాన్ని 1951లో హెర్బర్ట్ రాబిన్స్, సటన్ మన్రో గణితపరంగా రుజువు చేశారు. స్నైడర్స్ దాన్ని ఇక్కడికి తెచ్చాడు.

సావాస ప్రభావం ఈ నమూనాలోకి ఇంకో పదేళ్లకు వచ్చింది. క్రిస్టియన్ స్టెగ్లిష్, మైకేల్ ష్వైన్‌బర్గర్‌లతో కలిసి స్నైడర్స్ 2007లో, స్టెగ్లిష్, మైకేల్ పియర్సన్‌లతో కలిసి 2010లో ప్రచురించిన పనిలో స్నేహాలూ అలవాట్లూ ఒకేసారి, ఒకదాన్నొకటి లాగుతూ మారతాయి. విద్యార్థికి ఇప్పుడు రెండు రకాల అవకాశాలు వస్తాయి: స్నేహం మార్చుకునేది ఒకటి, అలవాటు మార్చుకునేది ఒకటి. అలవాటు ఒక మెట్టు ఎక్కవచ్చు, దిగవచ్చు, ఉన్నచోటే ఉండవచ్చు. తనలాంటివాళ్లను స్నేహితులుగా పట్టుకునే పరామితి ఎంపికను కొలుస్తుంది. స్నేహితుల మెట్టు వైపు తానే జరిగే పరామితి ప్రభావాన్ని కొలుస్తుంది. కాండెల్ మూడు కుప్పలతో విడదీసినదాన్ని ఇది అడుగడుగునా విడదీస్తుంది. రెండు సర్వేల మధ్య సిగరెట్ మొదలుపెట్టిన ఇద్దరు కొత్త స్నేహితులు ముందు కలిసి తర్వాత తాగారా, ముందు తాగి తర్వాత కలిశారా అన్న రెండు కథలూ అనుకరణలో వాటి వాటి సంభావ్యత కొద్దీ జరుగుతాయి.

ఈ పద్ధతికి పరీక్షాక్షేత్రం స్కాట్లాండ్ పశ్చిమ ప్రాంతంలోని ఒక మాధ్యమిక పాఠశాల. 1995 ఫిబ్రవరి నుంచి 1997 జనవరి దాకా అక్కడి 13 ఏళ్ల పిల్లల ఒక జట్టును మూడుసార్లు ప్రశ్నించారు. మొత్తం 160 మంది. మూడుసార్లూ హాజరైంది 129 మంది. స్నేహితుల పేర్లతో పాటు పొగ, మద్యం, గంజాయి అలవాట్లు అడిగారు. మద్యానికి ఐదు మెట్లు: అసలు తాగనివాళ్లు, ఏడాదికి ఒకటి రెండుసార్లు, నెలకోసారి, వారానికోసారి, వారానికి ఒకసారి కన్నా ఎక్కువ. పదమూడేళ్ల పిల్లల్ని ఇలా అడగడం తెలుగు తల్లిదండ్రులకు ఉలిక్కిపాటుగా ఉండవచ్చు, గ్లాస్గో ప్రాంతపు ఆరోగ్య పరిశోధకులకు అది రోజువారీ ప్రశ్నే. ఆ సమాచారం నుంచి 50 మంది అమ్మాయిలను విడిగా తీసి తయారుచేసిన చిన్న పట్టిక ఈ విద్య నేర్చుకునేవాళ్లందరికీ ఓనమాలు దిద్దే పలక అయింది. పేర్లుండవు, 1 నుంచి 50 దాకా సంఖ్యలే. ఈ యాభై మంది ఎవరెవరితో స్నేహం కలిపారో, మద్యంలో ఏ మెట్టు ఎక్కారో ఎన్నో దేశాల్లో, ఎంతోమంది విద్యార్థులు లెక్కకట్టారు. ఆ అమ్మాయిలు ఇప్పుడు నడివయసు చేరి ఉంటారు.

నేర్చుకోవడం అంటే ఇక్కడ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడమే ముప్పాతిక. సియెనా అని పేరు పెట్టిన ఆ ప్రోగ్రామ్ మొదట గ్రోనింగెన్‌లో తయారైన స్టాక్‌నెట్ అనే విండోస్ పెట్టెలో ఉండేది. 2006లో స్నైడర్స్ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లాక, రూత్ రిప్లీ తదితరుల చేతుల మీదుగా అది ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలోకి మారి ఆర్‌సియెనా అయింది. ఉచితం, ఎవరైనా తెరిచి చూడవచ్చు. దానితో వచ్చే కరదీపిక ఏటికేడు లావెక్కుతూ పోయింది. కొత్తవాళ్లు ముందుగా చూసుకోవలసింది రెండు సర్వేల మధ్య మార్పు మరీ ఎక్కువైందా అన్నది. రెండింటిలోనూ ఉన్న బంధాలను, కనీసం ఒక్కదాంట్లోనైనా ఉన్న బంధాలతో భాగిస్తే వచ్చే జక్కార్డ్ సూచిక 0.3 పైన ఉంటే మేలు. మరీ తక్కువైతే అది ఒకే స్నేహలోకం మెల్లగా మారిన కథగా చదవడం కష్టం. తర్వాత లెక్క కుదిరిందా అన్నది. ఒక్కో పరామితికి అనుకరణకూ నిజానికీ తేడాను కొలిచే నిష్పత్తి 0.1 లోపు, అన్నిటికీ కలిపిన నిష్పత్తి 0.25 లోపు రావాలి. రాకపోతే మళ్లీ నడపాలి. ఆ తర్వాతే ఫలితం చదవాలి. తొందరపడి, గణాంకపరంగా ప్రాముఖ్యం ఉందని చెప్పే నక్షత్రపు గుర్తులున్న పరామితులను మాత్రమే ఏరుకుని వ్యాసం రాసేవాళ్లు ఈ రంగంలోనూ తక్కువేమీ కాదు.

నమూనాలో లేని ఒక పరామితి అవసరమా కాదా అని, దాన్ని చేర్చి అంతా మళ్లీ లెక్కించకుండానే తేల్చే పరీక్ష ఒకటి ఆర్‌సియెనాలో ఉంది. దాని వెనక తెలుగువాడి పేరుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరికీ సి. ఆర్. రావు, 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా మీదుగా కేంబ్రిడ్జి చేరాడు. 1948లో ప్రచురించిన ఆయన స్కోర్ పరీక్షకు ఇదే సుగుణం: చిన్న నమూనాను లెక్కిస్తే చాలు, పెద్దదాని అవసరం అక్కడి నుంచే తెలుస్తుంది. ఒక్కో లెక్కకు గంటలు పట్టే సియెనాలో ఇది పెద్ద ఊరట. ష్వైన్‌బర్గర్ దాన్ని గణాంకవేత్తలు నేమన్, రావుల పేర్లతో సాధారణీకరించి స్నేహబంధాల నమూనాలకు తగ్గట్టు మలిచాడు. 2023లో రావు కన్నుమూసేనాటికి ఆయన పరీక్ష బడిపిల్లల స్నేహాల మీద నిత్యం నడుస్తూనే ఉంది.

ఇదే కాలంలో సావాస ప్రభావం గురించిన పెద్ద కబురు ఇంకో దారిలో జనంలోకి వెళ్లింది. 2007లో నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ ఫ్రామింగ్‌హామ్ హృదయ అధ్యయనంలోని 12,067 మంది 32 ఏళ్ల సమాచారం చూసి, స్నేహితుడు స్థూలకాయుడైతే తానూ అయ్యే అవకాశం 57 శాతం పెరుగుతుందని ప్రకటించారు. పత్రికలు స్థూలకాయం అంటువ్యాధి అని రాశాయి. మరుసటి ఏడే ఈథన్ కోహెన్-కోల్, జేసన్ ఫ్లెచర్ అలాంటి పద్ధతితోనే ఎత్తు, మొటిమలు, తలనొప్పి కూడా స్నేహితుల నుంచి అంటుకుంటాయని చూపించారు. ఎత్తు అంటుకోదు కాబట్టి తప్పు పద్ధతిలో ఉన్నట్టు. 2011లో కాస్మా షలీజీ, ఆండ్రూ థామస్ మరింత లోతుకు వెళ్లారు. స్నేహాన్ని కలిపిన కారణం, అలవాటును మార్చిన కారణం ఒకటే అయి, అది కొలతల్లో లేకపోతే, ఎంపికనూ ప్రభావాన్నీ పరిశీలన ఒక్కదానితో విడదీయడం మామూలు పరిస్థితుల్లో కుదరదని రుజువు చేశారు. ఆ రుజువు సియెనాకూ వర్తిస్తుంది. గుంపు ప్రవర్తనకూ వ్యక్తి ప్రవర్తనకూ మధ్య ఏది అద్దం, ఏది ముఖం అన్న చిక్కును అర్థశాస్త్రవేత్త చార్ల్స్ మాన్‌స్కీ 1993లోనే ఎత్తి చూపాడు. అర్థశాస్త్రవేత్తలు అందుకే చీటీల వైపు మళ్లారు: డార్ట్‌మత్ కళాశాలలో కొత్త విద్యార్థులకు గదులను యాదృచ్ఛికంగా కేటాయించేవారు కాబట్టి అక్కడ ఎంపికకు తావు లేదని, గదిలోని తోడు మార్కుల మీద ప్రభావం చూపుతాడు కానీ ఏ ముఖ్య పాఠ్యాంశం తీసుకోవాలన్నదాని మీద కాదని బ్రూస్ సాసర్డోట్ 2001లో తేల్చాడు. చీటీ వేసి గది ఇవ్వవచ్చు, స్నేహం ఇవ్వలేరు. నిజమైన స్నేహాల దగ్గరికి వస్తే నమూనాలే గతి.

ఆ నమూనాలు ఊరికే పోలేదు. లీస్‌బెత్ మెర్కెన్ బృందం ఆరు యూరప్ దేశాల పాఠశాలల్లో పొగ అలవాటును సియెనాతో పరిశీలిస్తే, స్నేహితుల పోలికలో ఎక్కువ పాలు చాలాచోట్ల ఎంపికదే అని తేలింది. తోటివారి ఒత్తిడికి తలొగ్గకుండా పిల్లలకు శిక్షణ ఇచ్చే పథకాలు ప్రభావమే ముఖ్యమనే నమ్మకం మీద కట్టినవి. ఈ ఫలితం వాటి పునాదిని ప్రశ్నించింది. మద్యం విషయంలో ప్రభావానికి సాక్ష్యం తరచుగా కనిపిస్తూ వచ్చింది. ఒకే బడి లెక్క మరో బడికి సరిపోదని తెలిశాక, ఎన్నో తరగతులను కలిపి ఒకేసారి లెక్కకట్టే బేసియన్ పద్ధతులు వచ్చాయి. ఆండ్రియా క్నెక్ట్ 2003-04లో నెదర్లాండ్స్‌లో 126 తరగతి గదుల్లో నాలుగేసిసార్లు సేకరించిన సమాచారం లాంటివి ఈ దశలో ముడిసరుకు. ఆ లెక్కలు రోజుల తరబడి నడుస్తాయి.

ఏది ముందు, ఏది వెనక అన్న పాత ప్రశ్నకు సూటి జవాబు ఇచ్చే సమాచారం ఫోన్లు, సెన్సర్ల రూపంలో వచ్చింది. 2008లో కార్టర్ బట్స్ ఒక్కో సంభాషణనూ దాని క్షణంతో సహా తీసుకునే సంఘటనల నమూనా కట్టాడు. జూరిక్‌లో క్రిస్టోఫ్ స్టాట్‌ఫెల్డ్ దాన్ని స్నైడర్స్ తరహా వ్యక్తి ఎంపికలతో కలిపాడు. కానీ కాల్ చేసిన క్షణం తెలిసినంత మాత్రాన ఆ ఇద్దరూ స్నేహితులో, గొడవపడుతున్నారో తెలియదు. అందుకే స్విట్జర్లాండ్ ఇంజనీరింగ్ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనంలో సెన్సర్లతో పాటు పాత తరహా ప్రశ్నపత్రాలు కూడా పంచారు, నీ స్నేహితులెవరో పేర్లు రాయమని.